కనకత్త కాటుకపూలు

మా కోడలు శ్రావణి తెప్పించిన పార్సిల్‌ను నేను రెండు రోజులు ముట్టుకోలేదు. డబ్బాలో ఇంటికి వచ్చే ఏ వస్తువునూ నేను నమ్మను. పైన బొమ్మ ఒకటుంటుంది, లోపల సరుకు ఇంకొకటుంటుంది. చివరికి శ్రావణే నా ముందు కూర్చుని విప్పింది. లోపలి కాగితం సంచి మీద ఎర్రవి, ఊదావి, తెల్లవి పూల బొమ్మలు, ఒక్కో పువ్వు నడుమ నల్లటి బొట్టు. సంచిలో మాత్రం ఎండి ముడుచుకుపోయిన గోధుమరంగు ముక్కలు. "సొంఠి పంపిండ్లు. పోయినయ్ నీ పైసలు" అన్నాను. శ్రావణి సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో పోయి తేలుతుంది. "మమ్మీ, మీకు హర్ చీజ్ మీద షక్కే. అనిమోన్ దుంపలు గిట్లనే ఉంటయ్. నీళ్లల్ల నానబెడితే ఉబ్బుతయ్. రివ్యూలు చదివే మంగాయించిన" అంది. నేను ఒక ముక్క తీసి వాసన చూశాను. పాత మట్టి వాసన, దాని వెనక సన్నగా ఏదో ఘాటు. దాన్ని గుర్తుపట్టడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

సంచిలో ఎలా నాటాలో చెప్పే చిన్న కాగితం ఉంది, హిందీలో. రాత్రంతా నానబెట్టండి, ఇసుక కలిపిన మట్టిలో వేయండి, నీళ్లు నిలవనీయకండి, అన్నీ మామూలు మాటలే. చివర్న ఒక వాక్యం ఉంది. పూలయ్యాక ఆకులు పండితే నీళ్లు ఆపి, దుంపలు తవ్వి, నీడలో ఆరబెట్టి, పొడిగా దాచుకుంటే వచ్చే చలికాలం వాటినే మళ్లీ నాటుకోవచ్చట. నేను కాగితం పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆ ఒక్క వాక్యం తెలియక, తెలిసినా నమ్మక, మా ఇంట్లోంచి ఒక మనిషిని పంపించేశాం. ఆ మనిషి మా మేనత్త, కనకత్త. పంపించడంలో నా వంతు కూడా ఉంది. అప్పుడు నాకు పదకొండేళ్లు.

అప్పటి మా ఇల్లు సూరత్‌లోని పాండేసరలో, రంగుల మిల్లుల వెనక, రెండు గదుల రేకుల ఇల్లు. ఇంటి వెనక కాలువలో ఆ రోజు మిల్లులో ఏ రంగు వేస్తే ఆ రంగు నీళ్లు పారేవి. పొద్దున్నే వెళ్లి చూసి, ఇవాళ ఊదా, ఇవాళ పసుపు అని మా అమ్మకు చెప్పడం నా పని. గంజి ఉడికిన వాసన, బొగ్గు పొగ, రంగుల ఘాటు అన్నీ కలిసి ఉతికిన బట్టల్లో కూడా ఉండేవి. మా ఊరు కరీంనగర్ పక్కన. బాపు మగ్గం నేసే చేతులతో వచ్చాడు కానీ సూరత్‌లో ఆయనకు దొరికింది నేత పని కాదు, నేసిన బట్టలో తప్పులు పట్టే పని. పవర్‌లూమ్ మీంచి దిగిన బట్ట చుట్టను ఇక్కడ టాకా అంటారు. ఏటవాలుగా పెట్టిన గాజు బల్ల కింద ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే, బల్ల మీదుగా ఆ టాకాను లాగుతూ, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ నూనె మరక ఉందో చూసి సుద్దముక్కతో గీత పెట్టాలి. పొద్దంతా అదే పని. తప్పు కనబడని రోజు బాపుకు మనశ్శాంతి ఉండేది కాదు. బట్ట మంచిదని కాదు, తన కంటికి ఏదో చిక్కకుండా పోయిందని ఆయన దిగులు.

ఆ కన్ను కార్ఖానాలో విడిచి రాలేదు ఆయన. పాలు వస్తే గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. టమాటాలను ఒక్కొక్కటీ తిప్పి చూసేవాడు. నా పరీక్ష కాగితాల మీద మాస్టారు పెట్టిన మార్కులు నేను దిద్దుకున్నానేమో అని కిటికీ దగ్గర పట్టుకుని చూసేవాడు. అమ్మ కూర రుచిగా చేస్తే "ఇయ్యాల గింత మంచిగ ఎందుకు చేసినవ్" అని అడిగేవాడు. అమ్మ నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఆయనంటే గొప్ప. ఎవరికీ కనబడనిది మా బాపుకు కనబడుతుందని బడిలో చెప్పుకునేదాన్ని. ఆయన బుద్ధి నాకు అప్పుడే పట్టుకుంది. అరవై దాటినా వదల్లేదు.

కనకత్త బాపుకు ఒక్కతే చెల్లెలు. భర్త భివండీలో ఇంకొకామెను తెచ్చుకుంటే ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికి వచ్చింది. ఆ పెట్టెకు తాళం ఉండేది, తాళంచెవి పుస్తెలతాడుకు కట్టుకునేది. మా ఇంట్లో ఇంకే పెట్టెకూ తాళం లేదు. ఈ సంగతి అమ్మకూ నచ్చలేదు, బాపుకూ నచ్చలేదు, కానీ వచ్చిన ఆడబిడ్డను ఏమంటారు. మిల్లులో బట్ట మడతలు పెట్టే చోట అత్తకు పని దొరికింది. పొద్దున ఇంటి పని సగం చేసి వెళ్లేది, సాయంత్రం వచ్చి మిగతా సగం చేసేది. తక్కువ మాట్లాడేది. రాత్రి నా పక్కనే చాప వేసుకునేది. ఆమె చేతులకు కొత్తబట్ట గంజి వాసన ఉండేది. నా జుట్టు ఆమె దువ్వితే నొప్పి తెలిసేది కాదు. ఆమెను నేను ప్రేమించలేదని ఎవరైనా అంటే ఊరుకోను.

ఒక చలికాలం మొదట్లో వంటింటి గూట్లో సత్తుగిన్నెలో నీళ్లు పోసి, అందులో ఈ ముడతల ముక్కలు నానేసి ఉన్నాయి. అమ్మ చూసి గిన్నె దగ్గరికి పోకుండా నన్ను పిలిచింది. "ఏంది విమలా గిది? మీ అత్త ఏం మందు నానబెట్టింది?" అంది. మందు అంటే మా వైపు ఆడవాళ్లకు ఒకటే అర్థం. అన్నంలో కలిపి పెట్టి మనిషిని తనవైపు తిప్పుకునేది. అత్త పనినుంచి వచ్చి "పూల గడ్డలు వదినె, మందుమాకులేం గావు" అన్నా అమ్మ వినలేదు. నాలుగు రోజులు అత్త వండిన కూర బాపుకు పెట్టలేదు. తను మాత్రం తిన్నది. తనను తిప్పుకుంటే ఎవరికేం లాభమని కాబోలు.

అత్త ఆ దుంపలను ఇంటి వెనక పాత రంగు డబ్బాల్లో నాటింది. ఏ వైపు పైకి రావాలో ఆ ముక్కను చూస్తే తెలియదు. అందుకని పక్కకు పడుకోబెట్టి, పైన రెండు వేళ్ల మందం మట్టి కప్పింది. "అదే తొవ్వ దేవులాడుకుంటది" అంది నాతో. డబ్బాల అడుగున మేకుతో తూట్లు కొట్టింది, మట్టిలో సగం ఇసుక కలిపింది, దోసిట్లోంచి వేళ్ల సందుల్లో నీళ్లు చిలకరించేది. కొత్తిమీరలాంటి ఆకు వచ్చింది. అమ్మ కాస్త నెమ్మదించి కొత్తిమీర అనుకుని తెంపబోతే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. "పాలు తగిలితే దురద పెడతది వదినె." అమ్మ మళ్లీ నా వైపు చూసింది. తర్వాత చలి ముదిరాక పూలు విచ్చుకున్నాయి. కాలువ గట్టు మీద ఆ ఎరుపు, ఆ ఊదా చూసి పక్కిళ్ల వాళ్లు వచ్చి నిలబడేవారు. పువ్వు నడుమ నల్లగా కాటుక పెట్టినట్టు ఉండేది కాబట్టి అత్త వాటిని కాటుకపూలు అంది. ఎండ వస్తే తెరుచుకునేవి, పొద్దుగూకితే మూసుకునేవి. బాపు ఒక రేకును వెలుతురుకు పట్టుకుని చూసి, ఏ తప్పూ దొరక్క డబ్బాలో పడేశాడు.

ఎండలు ముదిరేసరికి ఆకులు పండి, ఎండి, మట్టిలో కలిశాయి. చెట్లు చచ్చిపోయాయని అందరం అనుకున్నాం. మళ్లీ చలికాలం వచ్చేసరికి గూట్లో మళ్లీ గిన్నె, మళ్లీ ముక్కలు. మూడో ఏడు కూడా అంతే. అప్పుడు బాపుకు పట్టుకుంది. "సచ్చిన చెట్లు సచ్చినయ్. నా కండ్ల ముంగట మాడినయ్. మరి ఏటేట కొత్త గడ్డలు ఎవ్వడు తెచ్చిస్తుండు?" అని అమ్మను అడిగాడు. అమ్మ ట్రంకు పెట్టె వైపు చూసింది. ఆ రోజునుంచి అత్త గ్లాసు ఎక్కడ పెట్టినా, చీర ఏది కట్టినా బాపు చూపు అక్కడే ఉండేది.

నా బడి పొద్దుటిపూటే. మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర అత్తకు అన్నం డబ్బా ఇచ్చి రావడం నాకు అలవాటు. ఒకనాడు బాపు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని "డబ్బా ఇచ్చి ఉరికి రాకు బిడ్డా. జర పక్కకు నిలబడు. అత్తమ్మ ఎవ్వలతోని మాట్లాడుతదో సూడు" అన్నాడు. ఆయన పనిని నాకు పంచి ఇచ్చాడని నేను పొంగిపోయాను. మూడు రోజులు సైకిళ్ల వెనక నిలబడి చూశాను. మూడో రోజు మిల్లు ఆఫీసు ముందర పూలమడులు చూసే మాలీ వచ్చాడు. కొండల వైపు మనిషి, తెల్లగా, పొట్టిగా ఉండేవాడు. అత్త చేతిలో కాగితం పొట్లం పెట్టాడు. ఏదో అన్నాడు. అత్త నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. మా ఇంట్లో ఆమె అలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పుడు తెలియదు.

సాయంత్రం బాపుకు అంతా చెప్పాను. మాలీ సంగతి, పొట్లం సంగతి చెప్పాను. నవ్వు సంగతి ఆయన అడగలేదు. నేనే చెప్పాను. బాపు నా తల మీద చెయ్యి పెట్టి "నా కండ్లు వచ్చినయ్ బిడ్డకు" అన్నాడు. జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది నాకు గుర్తున్నంతవరకు అదొక్కసారే.

ఆ పూట అన్నాల దగ్గర ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "చెల్లె, గా గడ్డలు నీకు ఎవ్వడిస్తుండు?" అన్నాడు. అత్త చెయ్యి కంచంలో ఆగింది. "ఎవ్వలిస్తరన్నా? నా దగ్గరియే. ఎండకాలం తవ్వి, ఆరబెట్టి, బూడిదల దాసుకుంట." "ఏవి? సూపెట్టు." అది పూల కాలం. దుంపలన్నీ డబ్బాల్లో మట్టి కింద ఉన్నాయి. అత్త పెట్టె తాళం తీసి పాత గుడ్డ ఒకటి తెచ్చింది. మా ఊళ్లో విత్తనాలకు పురుగు పట్టకుండా బూడిద కలిపి మూటగడతారు, అలాంటి మూట, ఖాళీది. బాపు ఆ గుడ్డను దీపానికి ఎత్తి పట్టుకుని చూశాడు. "బూడిద. గిదేనా సాక్ష్యం?" అన్నాడు. అత్త లేచి బయటికి పోయి, విరగబూసిన ఒక చెట్టును వేళ్లతో సహా పీకి తెచ్చి ఆయన ముందు పెట్టింది. దుంప నీళ్లు తాగి బొద్దుగా, తెల్లటి వేళ్లతో ఉంది. గిన్నెలో నానిన ఆ ముడతల ముక్కకూ దీనికీ పోలికే లేదు. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది కొత్తది" అన్నాడు.

అంతే. పని మాన్పించారు. భివండీకి ఉత్తరం పోయింది. వారం తిరక్కముందే అత్త భర్తకు అన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు, ఇంకొకామె ఏలుతున్న ఆ ఇంటికే. అత్త పోనని బాపు కాళ్లు పట్టుకుంది. "మూల పడుంట అన్నా, నీ ఇంట్ల గిన్నెలు తోముకుంట. అటు పంపకు" అంది. నేను తలుపు పక్కన నిలబడి చూశాను. వెళ్లేటప్పుడు నా జుట్టు దువ్వి జడ వేసి పోయింది. అమ్మ ఆ డబ్బాలను కాలువలో బోర్లించింది. పొట్లంలో ఏముందో ఎవరూ అడగలేదు. అది ఎక్కడికి పోయిందో కూడా తెలియదు.

ఆ ఇంట్లో కనకత్త ముప్పై ఏళ్లకు పైగా ఉంది. ఏం పడిందో ఎప్పుడూ చెప్పలేదు. భర్త పోయాడు, ఆ రెండో ఆమె కూడా పోయింది. ఆమె కొడుకును అత్తే పెంచింది. అతను సూరత్‌కు మగ్గాల పనికి వచ్చి, కోసాడ్‌లో సర్కారు కట్టించిన ఇళ్లల్లో ఒకటి దొరికితే అత్తను తన దగ్గర ఉంచుకున్నాడు. నేను అప్పటికి నలభైలలో ఉన్నాను, తెలుగు బడిలో టీచరుగా పిల్లల నోట్‌బుక్కులలో తప్పులు పట్టుకుంటూ. కోసాడ్ ఎంత దూరమని? ఆటోలో గంట. పెళ్లిళ్లలో కలిసేవాళ్లం. "మంచిగున్నవా బిడ్డా" అనేది, మంచిగున్న అనేదాన్ని. లోపల ఒక మూల నాకు ఎప్పుడూ అనిపించేది, బాపు అన్నదాంట్లో ఎంతో కొంత నిజం ఉండే ఉంటుందని. ఆ నవ్వు చూసింది నేనే కదా.

కాబట్టి ఆ హిందీ కాగితాన్ని కూడా నేను ఊరికే నమ్మలేదు. అమ్ముకునేవాళ్లు ఏదైనా రాస్తారు. నా కళ్లతో చూడాలనుకున్నాను. ఇప్పుడు మేముండేది సూరత్‌లోనే వడోద్ వైపు, ఇంటి ముందు చాపంత మట్టి ఉంది. దుంపలు నానబెట్టాను, పక్కకు పడుకోబెట్టి నాటాను, ఇసుక కలిపాను, చీమలకు పసుపు చల్లాను. పొద్దున లేచి మట్టి తడి వేలితో చూడటం, మధ్యాహ్నం ఎండకు పాత చీర అడ్డం కట్టడం, ఇదే నా పని. శ్రావణి "మమ్మీ, దుంపలకు కూడా పరీక్షేనా" అని ఆటపట్టించేది. పూలు వచ్చాయి, అవే పూలు. ఆకులు పండాక నీళ్లు ఆపాను, తవ్వి నీడన ఆరబెట్టాను. అవి మళ్లీ ముడుచుకుని సొంఠిముక్కలయ్యాయి. బూడిద కలిపి మూటగట్టి బీరువా మీద పెట్టాను. వానాకాలమంతా బూజు పడుతుందేమోనని విప్పి చూసుకున్నాను. కొన్ని కుళ్లాయి. మిగతావి చలికాలం వచ్చేసరికి నీళ్లలో వేస్తే ఒక్క రాత్రిలో ఉబ్బాయి. ఆకు వచ్చింది, మొగ్గ వచ్చింది. ఎవరూ తేలేదు, ఎవరూ ఇవ్వలేదు.

ఈ ఏడాదిలో ఇంకొకటి గమనించాను. మా గుమ్మంలోకి రోజూ ఎవరో ఒక మగమనిషి పొట్లం తెచ్చి శ్రావణి చేతిలో పెడతాడు. ఆమె నవ్వుతూ తీసుకుంటుంది. ఎవరిచ్చారని మా అబ్బాయి అడగడు. అడిగితే ఆమె ఊరుకోదు. మా రోజుల్లో ఒక్క పొట్లానికి ఒక బతుకు పోయింది. ఇది చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. అయినా పార్సిల్ మీద పంపినవాళ్ల పేరు ఒకసారి చదవందే నా చెయ్యి ఊరుకోదు, అబద్ధం చెప్పడమెందుకు.

రెండో ఏటి పూలు విచ్చుకున్నాక ఒక కుండీ ఒళ్లో పెట్టుకుని ఆటోలో కోసాడ్ వెళ్లాను. మధ్యాహ్నం. అత్త మంచం మీద కూర్చుని చీర అంచులకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. ఆ వయసులో కూడా ఆ పని మానలేదు. కుండీ ఆమె ముందు పెట్టి, దారిలో కూడబలుక్కున్నదంతా చెప్పాను. "అత్తమ్మా, నువ్వు చెప్పింది నిజమే. దుంపలు ఎవ్వలూ ఇయ్యలే, నువ్వే దాసినవ్. నేను ఏడాది దాసి, నాటి, సూసిన. నీ తప్పు ఏం లేకుండె. బాపు తప్పు చేసిండు, నేను సుత చేసిన."

ఆమె పువ్వును ముట్టుకోలేదు. "దాసిన. నిజమే" అంది. "మొదటిసారి ఇచ్చింది మాత్రం గా మాలీయే."

"మరి గా దినం పొట్లంల ఏముండె?" నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. క్షమాపణ అడగడానికి పోయినదాన్ని.

అత్త కత్తెర పక్కన పెట్టింది. "ఇంక దేవులాడుతనే ఉన్నవా బిడ్డా? ఎముకల పొడి, చెట్లకు. గిప్పుడు నిమ్మలమైందా? కాలే. అయితే ఇది సుత ఇను. ఆయనంటే నాకు ఇష్టముండె. నేనంటే ఆయనకు సుత ఉండె. గేటు కాడ మాట్లాడుకునుడు తప్ప ఇంకేం లేదు. నా మొగడు ఇంకోదాన్ని తెచ్చుకుంటే ఎవ్వలు ఏమనలే. నాకు ఒక మనిషి ఇష్టమైండు. అయితే నన్ను గా ఇంటికి పంపుడు మంచిదేనా? తప్పు లేకుంటే పంపద్దు, ఉంటే పంపచ్చు, గదేనా నువ్వు చెప్పొచ్చింది?"

కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. నేను ఏడాది పాటు పోగుచేసుకున్న సాక్ష్యం మా ఇద్దరి నడుమ కుండీలో ఉంది. అది దేనికీ పనికిరాదు. నాకు సిగ్గేసింది. ఆమె మొహం చూడలేకపోయాను, అయినా చూసి చెప్పాను.

"మంచిది కాదు అత్తమ్మా. ఏమున్నా సరే, పంపుడు మంచిది కాదు."

ఆమె తల ఊపింది. కత్తెర తీసుకుంది, మళ్లీ పెట్టేసింది.

"పదకొండేండ్ల పిల్లవు, అప్పుడు నువ్వు ఆ మాట అంటవని నేను అనుకోలె బిడ్డా. నేను ఈ ఇంటికి వచ్చినంక మాత్రం ఎదురుసూసిన. అప్పటికే నీకు నలభై ఏండ్లు దాటె గదా, వచ్చి గా మాట అంటవని సూసిన."